ముందు కోడలు, వెనక నేను

నేను నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి విశ్రాంతి తీసుకోవాలని ఆత్మకూరు డాక్టరు చెప్పిన మాట మా వీధిలోకి ఎట్లా పాకిందో తెలియదు గానీ, సాయంత్రానికల్లా మా అరుగు మీద సంచులు చేరాయి. ఒకావిడ తిరుపతిలో ఉన్న కూతురికి అందించమని కందిపప్పు తెచ్చింది. ఎదురింటాయన ఒంగోలులో అల్లుడికి ఇవ్వమని ఉదయగిరి చెక్క గరిటెల కట్ట పెట్టిపోయాడు. ఇంకొకామె, నేను ఏ వైపు పోయినా సరే, దారిలో అమ్మవారి గుడి కనబడితే కొట్టమని కొబ్బరికాయ చేతిలో పెట్టింది. నేను ఎక్కడికి పోతున్నానో నాకే తెలియదు. ఆ మాట వాళ్ళెవరూ అడగనూ లేదు.

మా వైపు అంతే. ఒకరు ఊరు దాటుతున్నారంటే ఊరి పనులన్నీ వాళ్ళతో పాటు బస్సెక్కుతాయి. మొక్కులు, పెళ్ళిచూపులు, మందులు, పచ్చడి జాడీలు. ఊరికే పోయి ఊరికే కూర్చుని రావడం అనేది మా దగ్గర ఎవరూ చేసిన పని కాదు. అట్లాంటి దానికి పేరు కూడా లేదు. మా అబ్బాయి ట్రిప్పు అన్నాడు కాబట్టి అందరం ట్రిప్పు అనే అన్నాం.

ఉదయగిరికీ వరికుంటపాడుకీ మధ్య మా ఊరు. మాది గొర్రెల ఇల్లు, దాంతో పాటు కొంచెం సేద్యం. నేను ఈ ఇంటికి పెద్దకోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. గొప్పలు చెప్పుకునే మనిషినే నేను, దాచుకోవడమెందుకు? మా పొట్టేళ్ళు సంతకి పోవు. బేరగాళ్ళే మా గుమ్మంలోకి వస్తారు. వచ్చినవాళ్ళు మా ఆయనతో మాట్లాడుతూ నా మొహం చూస్తారు. ఏ గొర్రెపిల్లని ఉంచుకోవాలి, ఏది అమ్మాలి, కంది కోతకి ఎవరిని పిలవాలి, మోటరు బాగుచేయించడమా కొత్తది కొనడమా, ఎవరి పెళ్ళికి ఏం పెట్టాలి, అన్నీ నన్నే అడగాలి. ఇంట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా కాళ్ళు నా వైపే నడుస్తాయి. అది నాకు ఇష్టం. నా మాట మీద ఇల్లు నడుస్తోందంటే నేను తలెత్తుకుని తిరుగుతాను.

పోయిన వేసవిలో ఒక ఉదయం దొడ్డి దగ్గర నిలబడ్డాను. ముందు తలుపు తీయాలా, తొట్టిలో నీళ్ళు పోయాలా? రోజూ చేసే పనే. ఎన్నేళ్ళుగానో ఆలోచించకుండా చేస్తున్న పని. ఆ రోజు చెయ్యి లేవలేదు. ముందు ఇదా, అదా అని తలలో తిరుగుతూనే ఉంది. గొర్రెలు తలుపు మీదికి నెట్టుకుంటూ అరుస్తున్నాయి. నేను బిందె పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాను.

మా ఆయన వచ్చి భుజం తట్టాడు. “ఏమ్మే, ఏమైనాది?”

“ముందర ఏది చెయ్యాల్నో తెలీలేదయ్యా” అన్నాను. అంతలో ఏడుపొచ్చింది. నేను ఏడవడం చూసే అలవాటు ఆయనకి లేదు. బిందె లాక్కుని పక్కన పెట్టి, దొడ్డి తలుపు తీయడం కూడా మరిచిపోయి, నన్ను ఇంట్లోకి నడిపించుకుపోయాడు.

మా అబ్బాయి, కోడలు ఆత్మకూరులో ఉంటారు. అబ్బాయి ట్రాక్టర్లు అమ్మేచోట పని చేస్తాడు. కోడలు రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉంది. వాళ్ళ దగ్గరికి తీసుకుపోయి డాక్టరుకి చూపించారు. ఆయన చెయ్యి పట్టి చూశాడు, మిషను పెట్టి చూశాడు, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగాడు. పడటం లేదన్నాను. పడుకున్నా తలలో పనులు తిరుగుతూనే ఉంటాయన్నాను.

“బీపీ ఉండాదమ్మా. మాత్ర రాస్తా. మాత్ర ఒక్కటే సాలదు. నాలుగు దినాలు ఇల్లొదిలి యాడికన్నా పో. అక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడక్కూడదు. నిద్రపోవాల. ఇట్టనే సాగితే ఈసారి దొడ్డి కాడ నిలబడవు, పడిపోతావు” అన్నాడాయన.

పడిపోతావు అన్న మాట మా ఆయన మనసులో దిగబడిపోయింది. తిరిగొచ్చే దారంతా బస్సులో నా చెయ్యి వదల్లేదు. పదిమందిలో అట్లా చెయ్యి పట్టుకునే మనిషి కాదు. అందుకే నాకూ భయం వేసింది.

ఇక మొదలైంది ట్రిప్పు సంబరం. మా అబ్బాయి ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు. అందులో మా ఆయన, నా మరిది, మరిది పిల్లలు, ఆడబిడ్డ, ఆమె కొడుకు, ఇంకా ఎవరెవరో చేరారు. ఊటీ అన్నారు. అరకు అన్నారు. ఊటీలో ఒక హోటలు ఫోటో, దాని పక్కన ఇంకొకటి, దీనికి చుక్కలు ఎక్కువ, దానికి తక్కువ. చుక్కలేందిరా అంటే, పోయొచ్చినవాళ్ళు పెట్టిన మార్కులమ్మా అన్నాడు అబ్బాయి. ఒకడు మార్కులన్నీ వేసి కింద బొద్దింకలు ఉన్నాయని రాశాడు. ఇంకొకడు ఏమీ వేయకుండా అమ్మానాన్నలకి చాలా నచ్చిందని రాశాడు. ఏది నమ్మాలో తెలియక నేను ఫోను మొహం ముందు నుంచి దించలేదు.

మా ఆడబిడ్డ శ్రీశైలం అంది. ఎట్లాగూ పోతున్నారు కదా, ఆ పుణ్యమేదో కట్టుకోండి అంది. మరిది పెంచలకోన అన్నాడు. రైలా కారా, ఏసీనా కాదా, మీద బెర్తా కింద బెర్తా, మూడు పూటలూ వాళ్ళే పెడతారా మనం చూసుకోవాలా. పాపం, అందరూ నా మంచికే. ప్రతివాడూ చివర్లో ఒకటే మాట: “నీకేది ఇష్టమో నువ్వే చెప్పు.”

ఆ మాట వినబడితే నాకు దొడ్డి తలుపు కళ్ళ ముందు కనిపించేది. డాక్టరు ఎవరూ ఏమీ అడగకూడదన్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు గొర్రెల సంగతి, పొలం సంగతి మాత్రమే అడిగేవాళ్ళు. ఇప్పుడు నేను చూడని ఊళ్ళ సంగతి కూడా నేనే తేల్చాలి. వారం తిరిగేసరికి, మాత్ర వేసుకున్నా బీపీ తగ్గలేదు.

ఒక ఆదివారం అందరూ మా ఇంట్లోనే కూడారు. అబ్బాయి ఫోను నా ఒళ్ళో పెట్టి, “అమ్మా, ఈ రెండిట్లో ఒకటి చెప్పు, ఇప్పుడే బుక్ చేసేస్తా, అరగంటలో రేటు పెరిగిపోతాది” అన్నాడు. మరిది కుర్చీ దగ్గరికి జరుపుకుని, “వదినా, నా మాట విను” అని మొదలుపెట్టాడు. ఆడబిడ్డ ఆ పక్క ఫోనులో స్పీకరు మీద ఉంది. మా ఆయన అరుగు మీద సంచులు చూపించి, “ముందు ఇవి ఏ వైపుకి పోతాయో చూడండి” అన్నాడు.

నాకు తిక్క రేగింది. ఫోను తీసి మంచం మీదకి విసిరాను.

“నాకు ట్రిప్పూ వద్దు, గిప్పూ వద్దు. ఈ దొడ్డి కాడనే పడిపోతాలే, పోండి!”

నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. వాళ్ళ మీద కోపం కంటే నా మీద కోపం ఎక్కువగా ఉంది. ఇల్లంతా నడిపించే ఆడమనిషిని, నాలుగు రోజులు ఎక్కడికి పోవాలో తేల్చుకోలేకపోతున్నాను. అవమానంగా ఉంది.

బయట కాసేపటికి కోడలి గొంతు వినబడింది. వసారాలో మా మామ మంచం దగ్గర కూర్చుని ఏదో అడుగుతోంది. నా మామకి ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు గానీ, మంద గురించి అడిగితే చాలు, లేచి కూర్చుంటాడు. ఒకప్పుడు వరికోతలు అయ్యాక మా మంద, ఇంకో మూడు నాలుగు ఇళ్ళ మందలు కలిపి తూర్పుకి, కోవూరు వైపు చేలల్లోకి తోలుకుపోయేవాళ్ళు. రోజుకో పొలంలో మంద కట్టేవాళ్ళు. ఆ నేలకి ఎరువు, గొర్రెలకి మేత. అన్ని మందలకీ కలిపి ముందర నడిచేవాడు ఒక్కడే. చాలా ఏళ్ళు ఆ మనిషి మా మామే.

“తాతా, మీ వెనక వచ్చేవాళ్ళు ఈ రాత్రికి యాడ దిగేది అని అడగరా?” కోడలు అడుగుతోంది.

“అడక్కూడదు. ఊరు దాటినాక ఎనకోడు అడక్కూడదు, ముందరోడు ఎనకోళ్ళని అడక్కూడదు. అడిగినావా, నలుగురు నాలుగు దావలు జెప్తారు, జీవాలు ఎండలో నిలబడిపోతాయి.”

“మీరు తప్పుగా తీసుకుపోతే?”

“పోతే పోతాం. మంద ఇంటికి చేరిందాకా ఎవరూ నోరెత్తేది లేదు. చేరినాక తిట్టుకోవచ్చు. నన్నూ తిట్టినారులే.” మామ నవ్వాడు. “ముందరోడు కూడా అంతా ముందే తేల్చుకోడు మే. నీళ్ళు యాడ, నీడ యాడ, ఈ రాత్రికి చోటు యాడ. అంతే. రేపటిది రేపు పొద్దున.”

ఈ సంగతి నాకు కొత్తేమీ కాదు. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏళ్ళలో వాళ్ళకి సద్ది కట్టి పంపింది నేనే. మా ఇంట్లో, ఆ మాటకొస్తే మా ఊళ్ళో సగం ఇళ్ళలో అందరికీ తెలిసిందే. అన్ని జీవాల్ని ఒక్క మనిషి మాట మీద తూర్పుకి నడిపించి తిరిగి తెచ్చుకునే వాళ్ళం, నన్నొక్కదాన్ని నాలుగు రోజులు పంపడానికి ఊరందరం ముందర నడవబోయాం. ఇట్లాంటి పొరపాటు మావాళ్ళే చేయగలరు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆత్మకూరు టౌనులో పుట్టి, మా దొడ్డిలోకి రావాలంటే ముక్కు మూసుకునే పిల్లకి తట్టింది.

తలుపు కొట్టి లోపలికి వచ్చింది. మంచం మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

“అత్తా, నేను ముందర నడుస్తా. నువ్వు ఎనక రా. మనిద్దరమే. నిన్ను నేనేమీ అడగను. నువ్వూ నన్ను అడక్కూడదు. ఇంటికొచ్చినాక ఎంత కావాలంటే అంత తిట్టు.”

“యాడికి?” అన్నాను.

ఆమె నవ్వి ఊరుకుంది. అడక్కూడదు అన్నది అప్పుడే అడిగేశానని నాకు తెలిసి నవ్వొచ్చింది. కానీ లోపల ఇష్టం లేదు. నిన్న మొన్న వచ్చిన పిల్ల వెనక నేను నడవడమేంది? ఈ ఇంట్లో నా ముందర నడిచినవాళ్ళు మా అత్తమామలు తప్ప ఎవరూ లేరు. అయినా డాక్టరు మాట గుర్తుంది. సరే అన్నాను.

కోడలు ఏం చేసిందో తర్వాత తెలిసింది. ల్యాబులో తనతో పనిచేసే అమ్మాయి పుట్టిల్లు కావలి అవతల, సముద్రం ఒడ్డున చిన్న పల్లె. వాళ్ళ ఇంటి పక్కన బంధువుల ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది. నీళ్ళు ఉన్నాయా, బాత్రూము శుభ్రంగా ఉందా, పగలు పడుకుంటే నీడగా ఉంటుందా, ఈ మూడే అడిగింది. ఉన్నాయన్నారు. వెంటనే సరేనంది. రెండో చోటు చూడనే లేదు. రెండోది చూస్తే మూడోది చూడబుద్ధవుతుంది అత్తా, అని తర్వాత ఎప్పుడో చెప్పింది. చుక్కలూ చూడలేదు, ఫోటోలూ అడగలేదు. ఎట్లా పోవాలి అన్నది కూడా కలిగిరి దాకానే ఆలోచించుకుంది. కలిగిరి నుంచి ఎట్లా అనేది కలిగిరిలో దిగాక.

గ్రూపులోంచి నన్ను తీసేయమని మా అబ్బాయికి చెప్పింది. వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ తీసేశాడు. తర్వాత అరుగు మీద సంచులు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. “ఈసారికి కాదులే పెద్దమ్మా, ఇంకోసారి తప్పకుండా” అని నవ్వుతూ కందిపప్పు ఇచ్చేసింది, గరిటెలు ఇచ్చేసింది. కొబ్బరికాయని మాత్రం దేవుడిది కదా అని ఉదయగిరి పోతున్న ఒకామె చేతికి అప్పగించింది. అట్లా సంచులు తిరిగి ఇవ్వడం మా వీధిలో నేను ఎప్పుడూ చూడలేదు. ఎవరూ నొచ్చుకోలేదు, అది ఇంకా విచిత్రం.

చివరికి మరిది మిగిలాడు. అతనిది ఊళ్ళో పెద్దరికం. నలుగురి పంచాయితీలు తేల్చే మనిషి, కాదనిపించుకునే అలవాటు లేదు. మేము బయలుదేరే ముందు రోజు వచ్చి వసారాలో కూర్చున్నాడు.

“బస్సేంది? కారిస్తా, డ్రైవర్నిస్తా. అట్నే పెంచలకోన చూసుకుని, నెల్లూరులో మా వియ్యంకుడింట్లో దిగండి. వాళ్ళకీ మర్యాదగా ఉంటాది. వదిన మొక్కు కూడా తీరిపోతాది” అన్నాడు.

నాకు ఆ మొక్కు సంగతే తెలియదు. నోరు తెరవబోయాను. కోడలు నాకంటే ముందు మాట్లాడింది. కొంగు సర్దుకుని, గొంతు పెంచకుండా అడిగింది.

“చిన్నమామా, తాత మంద తోలుకుని తూర్పుకి పోతా ఉంటే, మధ్యలో మీరెప్పుడన్నా దారి జెప్పినారా?”

మరిది మొహం చూడాలి. అతను కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆ మంద వెనకే నడిచినవాడు. మంచం మీద నుంచి మా మామ పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. “ఒకసారి జెప్పబోయినాడు మే. కర్ర తీసుకున్నా!” అన్నాడు. మరిది కూడా నవ్వేశాడు. “సరేలేమ్మా, నువ్వే ముందర నడువు” అని లేచి కండువా దులుపుకున్నాడు. నాకు ఒళ్ళంతా పొంగింది. ఆ మనిషితో అట్లా మాట్లాడి, నవ్విస్తూ లేపిన ఆడమనిషి అంతదాకా ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే. ఇప్పుడు ఇద్దరమయ్యాం.

ఉదయగిరిలో బస్సెక్కాం. ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేసినప్పటి నుంచి బస్సుల నిండా మేమే. సీటు దొరికింది గానీ అది ఎండ పడే వైపు. ఆ పక్క కూర్చుందాం అని చెప్పబోయి ఆగాను. కోడలు కిటికీకి తన చున్నీ కట్టింది. సరిపోయింది.

కలిగిరిలో దిగమంది. ఎందుకని అడగలేదు. హోటల్లో కూర్చోబెట్టి ఇడ్లీ చెప్పింది. నాకు దోసె తినాలని ఉంది. ఇడ్లీ తిన్నాను. ముప్పై ఏళ్ళుగా అందరి నోళ్ళలోకి ఏం పోవాలో చెప్పిన నేను, ఇప్పుడు కోడలు చెప్పింది తింటూ కూర్చున్నాను. నా చేతులు పని లేక చీర కొంగు మెలితిప్పుతున్నాయి. కావలి బస్సులో జలదంకి దగ్గర రోడ్డు పక్కన ఒక మంద కనబడింది. ఆ గొర్రెలకి కడుపులో పురుగులు పోయే నట్టల మందు పట్టించి చాలా రోజులయిందని చూడగానే తెలిసిపోయింది. దిగి ఆ కాపరికి చెప్పి రావాలనిపించింది. కోడలు నా మోకాలి మీద చెయ్యి వేసింది. నేను దిగలేదు గానీ, ఆ మంద కనబడకుండా పోయేదాకా మెడ తిప్పి చూశాను.

సముద్రం దగ్గర మొదటి రోజు నేను విశ్రాంతి తీసుకోలేదు. ఇల్లు ఊడ్చాను. మంచం ఆ గోడ నుంచి ఈ గోడకి జరిపాను. బయట వలలు ఆరేసిన చోట కూర్చున్న ఆడవాళ్ళని పలకరించి వాళ్ళ సంసారాలన్నీ తెలుసుకుని, ఒకామెకి కూతురి పెళ్ళి సంగతి సలహా కూడా ఇచ్చేశాను. సాయంత్రం కోడలు నా చేతిలోంచి చీపురు మెల్లగా తీసుకుని తలుపు వెనక పెట్టింది. ఆ రాత్రి కూడా నిద్ర సరిగా పట్టలేదు. అలల చప్పుడు వింటూ దొడ్డి తలుపు వేశారో లేదో అనుకుంటూ పడుకున్నాను. నేను లేకపోతే ఇల్లు ఏమవుతుందో అని ఒక భయం. ఏమీ కాకపోతే ఇంకో భయం.

మర్నాడు పొద్దున టీ తాగుతుండగా ఫోను మోగింది. మా ఆయన.

“ఏమ్మే, బేరగాడు వచ్చి కూర్చున్నాడు. ఆ నాలుగు పొట్టేళ్ళు ఇచ్చేదా? పండగ దాకా ఆపేదా?”

జవాబు నా నాలుక మీదే ఉంది. ఆపమని చెప్పాలి. ఆ పొట్టేళ్ళని నేనే ఏరి, నేనే మేపాను. ఒక్క మాట చాలు. కానీ ఈ మాట చెబితే దీని వెనక మోటరు వస్తుంది, కూలీలు వస్తారు, మొత్తం ఇల్లు ఆ ఫోనులోంచి నడిచి వచ్చి ఈ ఇసుకలో కూర్చుంటుంది. కోడలు కొంచెం అవతల సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. ఫోను విన్నదని నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూసి, వద్దు అన్నట్టు చెయ్యి ఊపి ఉంటే, నాకు రోషం వచ్చి ఆ మాట చెప్పేసేదాన్నే. అది ఆ పిల్లకి ఎట్లా తెలుసో!

“ఏమయ్యా, నేను ఎనక నడిచేదాన్ని. నన్ను అడక్కూడదు. నీ మంద, నువ్వే జెప్పుకో” అన్నాను.

అవతల బేరగాడు దగ్గడం వినబడింది. తర్వాత “సరే” అని పెట్టేశాడు.

మా పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ఒక్క జీవాన్ని కూడా నన్ను అడగకుండా అమ్మలేదు. తక్కువకి ఇచ్చేస్తాడేమో. నేను చేతులు కడిగేసుకున్నానని నొచ్చుకున్నాడేమో. లేచి అలల దాకా పోయాను, తిరిగొచ్చాను, మళ్ళీ పోయాను. కోడలు అప్పుడు కూడా ఏమీ అడగలేదు. టీ గ్లాసులు కడిగి బోర్లించింది.

కొంతసేపటికి ఫోను మళ్ళీ మోగింది. ఎత్తగానే మా ఆయన నాకు మాట్లాడే సందు ఇవ్వలేదు. గొంతులో కొత్త బిగువు ఉంది.

“రెండిచ్చినాను, రెండాపినాను. నువ్వు పండుకో.”

అంతే, పెట్టేశాడు. నేను ఫోను పట్టుకుని నిలబడిపోయాను. అమ్మడమో ఆపడమో అని నేను అనుకున్నాను. సగం ఇచ్చి సగం ఆపవచ్చని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ళుగా నేను చెప్పేస్తుంటే ఆ మనిషి తన ఆలోచన తనలోనే ఉంచుకున్నాడు కాబోలు. సిగ్గుపడాలేమో నేను. సిగ్గు రాలేదు. ఆ బేరగాడి ముందు ఒక్కడే కూర్చుని బేరం తేల్చిన మా ఆయన కళ్ళ ముందు కనబడ్డాడు. నాకు చెప్పలేనంత గర్వం వచ్చింది. నా మొగుడు, నా ఇల్లు, నేను లేకుండా నిలబడ్డాయి. వాటిని నిలబెట్టింది నేను కాదా!

లోపలికి పోయి నేల మీద చాప వేసుకుని పడుకున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కల రాలేదు. ఎవరూ పిలవలేదు. కళ్ళు తెరిచేసరికి గుమ్మంలోని ఎండ ఆ గోడ మీద నుంచి ఈ గోడ మీదికి వచ్చింది. ఇది ఉదయమా సాయంత్రమా అని ఒక క్షణం తికమకపడ్డాను. నిద్రపోతూ నోరు తెరిచానేమో, పెదాలు ఎండిపోయాయి. తలలో ఏ పనీ తిరగడం లేదు. వెతికినా దొరకలేదు.

కోడలు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. నేను లేచేదాకా తనూ తినలేదు. మొహం కడుక్కుని వచ్చేసరికి కంచం పెట్టి అన్నం వడ్డించింది. పక్కింటివాళ్ళు వండి ఇచ్చిన కూర గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద మూత ఉంది.

నేను ఆ మూత వైపు చూస్తూ ఉండిపోయాను. ఈ ఇంటి కోడలినయ్యాక కంచం ముందు కూర్చున్నప్పుడల్లా లోపల ఏముందో నాకు తెలుసు. తెచ్చింది నేనే, తరిగింది నేనే, వండింది నేనే. ఎవరికి కారం ఎక్కువ కావాలో, ఎవరికి వద్దో, రేపటికి ఎంత మిగలాలో అన్నీ తెలిసే తిన్నాను. ఇప్పుడు ఈ గిన్నెలో ఏం కూర ఉందో నాకు తెలియదు.

కోడలు మూత మీద చెయ్యి వేసింది.

“ఆగు మే” అన్నాను.

“ఏంది అత్తా?”

“కొంచేపు అట్నే ఉండనీ.”

ఆ పిల్లకి అర్థమైంది. మూత మీద చెయ్యి తీయకుండా, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నాకు ఆకలి దంచేస్తోంది. అయినా ఇంకాసేపు ఆగాను.